కార్మన్ గియాకు సూపర్‌ఛార్జర్: విశాఖ ఉక్కపోతలో మూడో సిలిండర్ కేసు

ఈ కేసులోని బండి 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ కార్మన్ గియా కూపే. ఇటలీలోని గియా సంస్థ గీసిన రూపానికి జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో కార్మన్ వారు చేత్తో రేకులు సాగదీసి బాడీ కట్టగా, అడుగున మాత్రం బీటిల్ ఛాసిస్, వెనుక గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఫ్లాట్ ఇంజన్ ఉంటాయి. చూడటానికి స్పోర్ట్స్ కారే అయినా పరుగు మాత్రం బీటిల్‌దే కావడం దీని యజమానులందరి పాత బాధ. మా దగ్గరకు బండి తెచ్చిన పెద్దాయన ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాల్‌టెక్స్ వారి కాలంలో రిఫైనరీకి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు దగ్గర వారి తండ్రిగారు దీనిని కొన్నారని ఇంట్లో చెప్పుకునే మాట. ఆయన అడిగింది ఒక్కటే: "బాబూ, ఓడ ఇంజన్‌కు గాలి తోసి శక్తి తెప్పించడం నలభై ఏళ్లు చూశాను. దీనికి మాత్రం ఎందుకు కుదరదు?"

కుదరదని నేను అనలేదు. అయితే ఓడ ఇంజన్ చుట్టూ నీరు తిరుగుతుంది, ఇక్కడ వేడిని మోసుకుపోయేవి ఫ్యాన్ తోసే గాలి, రెండున్నర లీటర్ల నూనె మాత్రమే. కాబట్టి సూపర్‌ఛార్జర్ (ఇంజన్ శక్తితోనే తిరుగుతూ గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం) పని మొదలుపెట్టే ముందు ఇంజన్ ఇప్పుడు ఎంత వేడిని భరిస్తోందో కొలవాలని, ఆ కొలత అనుమతిస్తేనే ముందుకు వెళతామని రాతపూర్వకంగా ఒప్పుకున్నాము. ఏప్రిల్ నెలలో, నీడలో 35 డిగ్రీలున్న రోజున, నాలుగు స్పార్క్ ప్లగ్‌ల కింద ఉంగరం ఆకారపు థర్మోకపుల్‌లు (వేడిని కొలిచే తీగలు), నూనె స్ట్రెయినర్ ప్లేటు దగ్గర ఒక సెన్సర్ అమర్చి, సింహాచలం కొండ ఘాట్ రోడ్డు మీద రద్దీ లేని వేళ రెండో గేరులోనూ మూడో గేరులోనూ ఎక్కించాము.

కొండ మీదికి చేరేసరికి ఒకటో సిలిండర్ హెడ్ (సిలిండర్ పై మూత) 178, రెండోది 174, నాలుగోది 181 డిగ్రీలు చూపగా, మూడోది 209 చూపింది. నూనె 112 దగ్గర ఉంది. ఈ రకం ఇంజన్‌లో హెడ్ వేడి 220 దాటితే ఎగ్జాస్ట్ వాల్వు తల తెగి పిస్టన్ మీద పడే ప్రమాదం దగ్గరపడినట్టేనని నా అనుభవం. అంటే సూపర్‌ఛార్జర్ లేకుండానే మూడో సిలిండర్ తన వాటా వేడినంతా ఖర్చు చేసేసింది.

కారణం ఫ్యాన్ హౌసింగ్ తెరవగానే దొరికింది. లోపలి ఇంజన్ 1971 తరువాతి 1,584 సీసీ డ్యూయల్ పోర్ట్ (ఒక్కో హెడ్‌కు రెండు గాలి దారులున్న) రకం. ఎప్పుడో మార్చినప్పుడు ఆ నంబరును ఆర్‌సీలో ఎక్కించారు కూడా. కానీ దాని మీద కూర్చోబెట్టిన ఫ్యాన్ హౌసింగ్ మాత్రం అంతకు ముందు తరానిది. ఆ పాత హౌసింగ్‌లో ఆయిల్ కూలర్ గాలి దారిలోనే నిటారుగా నిలబడి ఉంటుంది, దాని నీడలో పడేది మూడో సిలిండర్. కూలర్ వేడిని తాగిన గాలే, అదీ అడ్డు తగిలి తగ్గిన గాలే, ఆ సిలిండర్‌కు అందుతుంది. కొన్ని పాత డిస్ట్రిబ్యూటర్లలో (ప్లగ్‌లకు వంతుల వారీగా నిప్పురవ్వ పంచే పరికరాల్లో) మూడో సిలిండర్‌కు మాత్రమే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే క్షణం, కొన్ని డిగ్రీలు వెనక్కి కోసి ఉండటం కూడా ఈ ఇబ్బందికి కంపెనీ వెతుక్కున్న సర్దుబాటే. 1971 మోడల్ నుంచి కంపెనీ కూలర్‌ను హౌసింగ్ వెనుక ఒక ప్రత్యేక పెట్టెలోకి జరిపింది. దానిని మెకానిక్‌లు డాగ్‌హౌస్ అంటారు. ఫ్యాన్ వెడల్పు కూడా పెంచి, కూలర్ వదిలే వేడి గాలిని ఇంజన్ బే బయటికి పంపింది. ఇంజన్ మార్చిన వర్క్‌షాప్ ఎవరిదో గానీ, చేతికి దొరికిన పాత హౌసింగ్‌ను తగిలించి పంపేసింది.

దానికి తోడు సముద్రపు గాలి చేసిన పని మరొకటి ఉంది. ఇంజన్ చుట్టూ ఉండే రేకులు కింది వేడి గాలిని పైకి రానివ్వకుండా అడ్డుకోవాలి. పై భాగం చల్లని గాలి గది, కింది భాగం వేడి గాలి గది అన్నట్టు వేరు చేసేవి ఈ రేకులూ, వాటి అంచున ఇంజన్ బే చుట్టూ తిరిగే రబ్బరు సీలూ. ఈ బండిలో ఎడమవైపు వెనుక రేకు తుప్పుతో జల్లెడై ఉంది, రబ్బరు సీలు మూడొంతులు రాలిపోయి ఉంది. హెడ్‌ల కింది నుంచి వచ్చిన వేడి గాలిని ఫ్యాన్ మళ్లీ పీల్చుకుని మళ్లీ హెడ్‌ల మీదకే తోస్తోంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో ఉన్న పాత బండ్లన్నిటిలోనూ నేను మొదట చూసేది ఈ రేకులనే. పై పెయింటు మెరుస్తూ ఉంటుంది, లోపల ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది.

డాగ్‌హౌస్ హౌసింగ్, వెడల్పు ఫ్యాన్, కొత్త కూలర్, కొత్త రేకులు, సీలు వేయడానికి మూడు వారాలు పట్టింది. థర్మోస్టాట్‌నూ దాని ఫ్లాప్‌లనూ కూడా తిరిగి బిగించాము. మన ఎండలకు అవి దండగని చాలామంది పీకేస్తారు గానీ, అవి లేకపోతే హౌసింగ్‌లో గాలి పంపకం చెదిరిపోతుంది. అదే ఘాట్, అంతే ఎండ: మూడో సిలిండర్ 188, నూనె 104. ఈ 21 డిగ్రీలే మేము సూపర్‌ఛార్జర్ కోసం సంపాదించిన మూలధనం. అది చేతికి రాకుండా అడుగు వేయవద్దని ఇలాంటి పని తలపెట్టే వారికి గట్టిగా చెబుతాను.

చట్టం సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకున్నాము. 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న, ఆర్‌సీలో నమోదైన వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తాయి. సూపర్‌ఛార్జర్ పెడితే ఆ హోదా మీద ఆశ వదులుకోవాలని యజమానికి చెప్పాము. ఆయన వదులుకున్నారు. బాడీలో ఒక్క కొత్త రంధ్రం కూడా వేయకుండా, రెండు రోజుల్లో విప్పి పాత స్థితికి తెచ్చేలా పని ఉండాలన్నది అందుకు మేము పెట్టుకున్న షరతు. ఇన్సూరెన్స్ కంపెనీకీ రవాణా కార్యాలయానికీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేశాకే బండిని రోడ్డు మీదికి తీశాము.

ఫోక్స్‌వ్యాగన్ గాలి ఇంజన్‌కు సూపర్‌ఛార్జర్ కొత్త సంగతి కాదు. 1950ల చివరలోనే అమెరికాలో జడ్సన్ సంస్థ వేన్ రకం యంత్రాలను బీటిల్, గియాల కోసం అమ్మింది. అవి నేడు దొరికినా మ్యూజియం సరుకే. మేము ఎంచుకున్నది జపాన్ ఐసిన్ వారి ఏఎమ్ఆర్ 500 అనే రూట్స్ రకం (రెండు రోటర్లు కలిసి తిరుగుతూ గాలిని తోసే) చిన్న యంత్రం. ఒక చుట్టుకు 500 సీసీ గాలిని తోస్తుంది. ఇది సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది.

పుల్లీ నిష్పత్తి (ఇంజన్ ఒక చుట్టుకు సూపర్‌ఛార్జర్ తిరిగే చుట్లు) మీద చాలా చర్చ జరిగింది కనుక లెక్క పూర్తిగా ఇస్తున్నాను. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి 1,584 సీసీలో సగం, అంటే 792 సీసీ, ఒక చుట్టుకు పీల్చవలసిన గాలి. నిజంగా నిండేది అందులో 80 శాతం అనుకుంటే 634 సీసీ. సూపర్‌ఛార్జర్ క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) కన్నా 1.8 రెట్లు వేగంగా తిరిగితే 900 సీసీ, దానిలోనూ లీకులు పోగా 80 శాతం, 720 సీసీ. అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలి బరువు సుమారు 14 శాతం పెరుగుతుంది. వినడానికి ఇది చిన్న సంఖ్యే. అయితే రూట్స్ యంత్రం గాలిని కుదించేటప్పుడు వేడి కూడా చేస్తుంది కాబట్టి ఈ 14 శాతం కోసం మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో) పీడనం 0.3 బార్ దాకా పెరగాలి. 55 శాతం సామర్థ్యంతో లెక్కిస్తే, 40 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లిన గాలి 84 డిగ్రీల వద్ద బయటికి వస్తుంది. యజమాని కోరిన 2.0 నిష్పత్తికి ఇదే లెక్క వేస్తే పీడనం 0.5 బార్ దాటిపోయి గాలి 110 డిగ్రీలు దాటుతుంది. గేజ్ మీద ముల్లు ఎక్కువ చూపిస్తుంది, సిలిండర్‌లోకి చేరే అదనపు గాలి మాత్రం ఆ మేరకు ఉండదు. మిగిలినదంతా వేడే, ఆ వేడి మూడో సిలిండర్ నెత్తినే పడుతుంది.

విశాఖ గాలిలోని తేమ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున గాలిలో సుమారు 4 శాతం నీటి ఆవిరే. ఆ మేరకు ఆక్సిజన్ తక్కువ. నాకింగ్‌ను (మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడాన్ని) ఆవిరి కొంత అణచే మాట నిజమే గానీ, చల్లని దేశాల వారు ప్రకటించే శక్తి అంకెలు మన దగ్గర రాకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక పుల్లీ. సూపర్‌ఛార్జర్‌ను తిప్పడానికి ఆరు గాడుల బెల్టు పట్టే పుల్లీ క్రాంక్ చివర కావాలి. కొత్తది మొత్తంగా తిప్పిద్దామని గాజువాక ఆటోనగర్‌లో లేత్ నడిపే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన షిప్‌యార్డులో టర్నర్‌గా చేసి వచ్చిన మనిషి. పాత పుల్లీని చేతిలో తిప్పి చూసి, మెడ మీద వేలు పెట్టి, "ఈ గాడి చూసినావా బాబూ? దీన్ని ముట్టుకుంటే నూనె బయటికొచ్చీస్తాది" అన్నారు. నిజమే. ఈ ఇంజన్‌లో పుల్లీ దగ్గర రబ్బరు సీలు ఉండదు. పుల్లీ మెడ మీద మరలాగా కోసిన గాడే తిరుగుతూ నూనెను లోపలికి నెడుతుంది. ఆ గాడి లోతు, క్రాంక్‌కేస్ రంధ్రానికీ దానికీ మధ్య ఖాళీ తేడా పడితే ఆ పని జరగదు. అందుకని అసలు పుల్లీని అలాగే ఉంచి, దాని ముఖానికి అల్యూమినియం రింగు పుల్లీ ఒకటి ఆరు బోల్టులతో కలిపాము. డయల్ గేజ్ పెట్టి చూస్తే అది 0.04 మిల్లీమీటర్ల లోపే వంకర తిరిగింది. రెండు గంటల పని అది. ఆయన టీ కూడా తాగకుండా చేశారు.

బెల్టు బిగువు విషయంలో మరో పరిమితి ఉంది. పుల్లీకి దగ్గరగా క్రాంక్‌ను మోసే నాలుగో మెయిన్ బేరింగ్ చాలా సన్ననిది, అది కూర్చునే క్రాంక్‌కేస్ మెగ్నీషియం మిశ్రమం. బెల్టును గిటారు తీగలా బిగిస్తే పక్క లాగుడుకు ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బెల్టు జారకుండా ఉండటానికి బిగువు పెంచే బదులు, ఐడ్లర్‌ను (బెల్టును నొక్కి ఉంచే చిన్న చక్రాన్ని) జరిపి చిన్న పుల్లీ చుట్టూ బెల్టు పట్టే వంపును పెంచాము.

కార్బొరేటర్‌గా ఎస్‌యూ హెచ్ఐఎఫ్ 44 ఒకటి తీసుకుని సూపర్‌ఛార్జర్‌కు ముందు పెట్టాము. అంటే పెట్రోలు కలిసిన గాలే రోటర్ల గుండా వెళుతుంది. ఆవిరయ్యే పెట్రోలు గాలిని చల్లబరుస్తుంది, గియా ఇంజన్ బే లోతు తక్కువ కాబట్టి కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు చోటెలాగూ లేదు. నేడు పంపుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ చల్లదనానికి కలిసివస్తుంది గానీ, దానికి గాలితో కలిసే పాళ్లు వేరు. మామూలు పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులుండే నిష్పత్తి దీనికి 13.5 దగ్గరకు వస్తుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు పాళ్లు నిర్ణయించే పాత సూదితో నడిపితే మిశ్రమం పలచబడుతుంది, పలచని మిశ్రమం ఎయిర్‌కూల్డ్ ఇంజన్‌కు ప్రాణాంతకం. కాబట్టి సూదులు మార్చి, పూర్తి లోడులో లాంబ్డా 0.82 (సరైన పాళ్ల కన్నా పెట్రోలు ఎక్కువగా ఉన్న మిశ్రమం) వచ్చేదాకా తిరిగాము. ఇంధనం పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేశాము. పాత గుడ్డ చుట్టిన పైపులు ఇంజన్ బేలో ఉంటే అగ్గిపెట్టె పెట్టుకున్నట్టే. మానిఫోల్డ్ మీద బ్యాక్‌ఫైర్ ఒత్తిడిని వదిలే స్ప్రింగు వాల్వు ఒకటి పెట్టాము. బండికి 95 ఆక్టేన్ పెట్రోలు తప్పనిసరి చేసి, ఆ మాటను ట్యాంకు మూత లోపల స్టిక్కరుగా అంటించాము.

ఇగ్నిషన్‌కు, మానిఫోల్డ్ పీడనాన్ని చదివి టైమింగ్‌ను మార్చుకునే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేశాము. పీడనం లేనప్పుడు మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ ఎంత ముందుగా పడుతుందన్నది) 30 డిగ్రీలు, 0.3 బార్ వద్ద 23.

మొదటి పొరపాటు నాదే. డిస్ట్రిబ్యూటర్‌కు పీడనం తెలిపే సన్న గొట్టాన్ని, చూపుకు కనబడకుండా నీటుగా ఉంటుందని మానిఫోల్డ్ కింది వైపు నుంచి తీశాను. భీమిలి వైపు తెల్లవారుజామున తొలి పరుగులు బాగానే సాగాయి. ఘాట్ మీద మూడో మలుపు దాటాక, కొబ్బరి చిప్పలో గవ్వలు కదిలించినట్టు సన్నని నాకింగ్ శబ్దం ఒకటి వినిపించి, మూడో సిలిండర్ ముల్లు 222 తాకింది. వెంటనే యాక్సిలరేటర్ వదిలి, పక్కన ఆపాను. ఇంజన్‌ను మాత్రం ఆపలేదు. గాలి ఇంజన్‌ను వేడి మీద ఆపితే ఫ్యాన్ కూడా ఆగుతుంది కాబట్టి ఐదు నిమిషాలు న్యూట్రల్‌లో తిప్పి, తరువాత తాళం తీశాను. ఆ తరువాత గొట్టం విప్పితే అందులోంచి చెంచాడు పెట్రోలు కారింది. పెట్రోలు కలిసిన తడి గాలి నడిచే మానిఫోల్డ్ అడుగున గొట్టం పెడితే, అందులో పెట్రోలు చేరి పీడనం సమాచారాన్ని ఆపేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ 23కు బదులు 29 డిగ్రీల వద్దే ఉండిపోయింది. గొట్టాన్ని మానిఫోల్డ్ పై వైపుకు మార్చి, డిస్ట్రిబ్యూటర్ దాకా ఎక్కడా కిందికి వంగకుండా నడిపించాము. ప్లగ్ తీసి భూతద్దంతో చూస్తే మూడోదాని పింగాణీ మీద మిరియపు గింజల్లో పదో వంతు ఉండే మూడు నల్లని చుక్కలు ఉన్నాయి. పిస్టన్ అంచు కరగడం మొదలైతే కనిపించే మెరిసే అల్యూమినియం రవ్వలు మాత్రం లేవు. బోర్‌స్కోప్‌తో పిస్టన్ తలను కూడా చూసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

రెండో ఇబ్బంది టర్నర్ పెద్దాయన భయపడిన చోటే వచ్చింది. గాడిని మేము ముట్టుకోకపోయినా పుల్లీ చుట్టూ నూనె చిమ్మి, వెనుక రేకంతా నల్లబడింది. సిలిండర్లలో పీడనం పెరిగితే రింగుల పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి జారే వాయువూ పెరుగుతుంది. సన్నని పాత బ్రీదర్ (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే గొట్టం) ఆ వాయువును వదలలేకపోతే, గాడి లోపలికి నెట్టే నూనెను ఆ ఒత్తిడి బయటికి నెడుతుంది. రెండు వాల్వు కవర్ల నుంచి 16 మిల్లీమీటర్ల పైపులు తీసి, నూనెను వేరు చేసే డబ్బాలోకి కలిపాము. ఆ తరువాతి 600 కిలోమీటర్లలో రేకు పొడిగానే ఉంది. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) కొద్దిగా నీలి పొగ కూడా వచ్చేది. కార్బొరేటర్ ముందున్నందున ఐడిల్‌లో రోటర్ల గది మొత్తం వాక్యూమ్‌లో ఉంటుంది, సూపర్‌ఛార్జర్ గేర్ల నూనె సీలు దాటి లోపలికి వచ్చేది. ఆ యంత్రం అమ్మినవాడు దాని గాలి రంధ్రాన్ని రంగుతో మూసేసి పంపాడు. సూదితో తెరిచాము, పొగ ఆగింది.

చివరి కొలతలు జూన్ మొదటి వారంలో, వానలు దిగకముందు ఉక్క గట్టిగా ఉన్నప్పుడు తీశాము. ఘాట్ పైన మూడో సిలిండర్ 203, మిగతావి 185 నుంచి 192 మధ్య, నూనె 113. మానిఫోల్డ్‌లో గాలి 61 డిగ్రీలు, అంటే పెట్రోలు ఆవిరి 20 డిగ్రీలకు పైగా తగ్గించింది. మూడో గేరులో గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఇంతకు ముందు 12.1 సెకన్లు పట్టగా ఇప్పుడు 10.2 పడుతోంది. 4,000 చుట్ల వద్ద సూపర్‌ఛార్జర్ తానే సుమారు మూడున్నర హార్స్‌పవర్ తినేస్తుందన్నది మరచిపోకూడదు. పెట్టిన ఖర్చులో సగానికి పైగా సూపర్‌ఛార్జర్‌కు కాదు, చల్లబరిచే సామగ్రికే అయింది. యజమానికి నచ్చినది మాత్రం ఈ సెకన్లు కాదు, తక్కువ చుట్లలోనే బండి లాగే తీరు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ మీద ఇదివరకు రెండో గేరు వేసుకునే చోట్ల మూడో గేరులోనే వెళ్లారట.

చిన్న పుల్లీ వేసి 2.0 నిష్పత్తికి వెళదామని ఆయన మరో రెండుసార్లు అడిగారు. 203కూ 220కీ మధ్య మిగిలింది 17 డిగ్రీలే, అది మే నెల మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఘడియకు దాచుకోవలసిన సొమ్ము. "ఓడలో అయితే నేనూ ఇదే చెప్పేవాణ్ణి" అని నవ్వి ఊరుకున్నారు.

1,500 కిలోమీటర్ల తరువాత చల్లని ఇంజన్ మీద కంప్రెషన్ చూస్తే వరుసగా 118, 120, 112, 119 పీఎస్ఐ వచ్చాయి. వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య 0.15 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టిన ట్యాపెట్లలో ఏడు అలాగే ఉన్నాయి, మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుది మాత్రం 0.10కి తగ్గింది. ఖాళీ తగ్గడమంటే వాల్వు కాడ సాగుతూ ఉండాలి, లేదా సీటు హెడ్‌లోకి దిగుతూ ఉండాలి. తిరిగి 0.15 పెట్టి పంపాము. వచ్చే 1,500 కిలోమీటర్లలో అది మళ్లీ తగ్గితే ఎడమ హెడ్ విప్పి ఆ వాల్వు మార్చడానికి యజమాని ఇప్పటికే ఒప్పుకున్నారు. కొత్త వాల్వు మా అలమారాలో సిద్ధంగా ఉంది.